లెక్కలను చెవులతో చదివిన రామన్

చూపు లేనివారు కంప్యూటరు ముందు కూర్చుని ఏం చేయగలరని ఇప్పటికీ అడిగేవారున్నారు. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాములు వచ్చి చాలా కాలమైంది. అయితే కథ వినడం వేరు, లెక్క వినడం వేరు. 'ఎక్స్ ప్లస్ వై బై టూ' అని యంత్రం గడగడా చదివేస్తే, రెంటినీ కూడి సగం చేయాలా, వై ఒక్కదాన్నే సగం చేయాలా? వినేవారికి తెలిసేదెట్లా?

ఈ చిక్కుముడి విప్పినవారు టి.వి.రామన్. పూనాలో పెరిగారు. పద్నాలుగో ఏట నీటికాసుల వ్యాధితో చూపు పూర్తిగా పోయింది. చదువు మాత్రం ఆగలేదు. పూనాలో గణితం, బొంబాయి ఐ.ఐ.టి.లో పైచదువు, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1994లో డాక్టరేటు. దానికోసం ఆయన తయారుచేసిన ప్రోగ్రాము పేరు 'ఆస్టర్'. అంకె నెత్తిన చిన్న అంకె ఉంటే గొంతు హెచ్చుతుంది, అడుగున ఉంటే తగ్గుతుంది. గొంతు తీరునుబట్టి లెక్క రూపం మనసుకు తడుతుంది. అన్నట్టు, ఆయనకు దారి చూపిన కుక్క పేరు కూడా ఆస్టరే!

తర్వాత ఆయన అడోబి, ఐ.బి.ఎం. కంపెనీల్లో పనిచేసి 2005లో గూగుల్‌లో చేరారు. కంప్యూటరుతో తన పని తాను చేసుకోవడానికి రాసుకున్న 'ఈమాక్‌స్పీక్' ప్రోగ్రామును 1995లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు.

తెలివికి కొదవ లేదు. అడ్డంకి గుమ్మం దగ్గరే. మచిలీపట్నం ప్రాంతంలోని సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు కుదరదన్నారు. కోర్టుకెక్కి సాధించుకున్నారు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి, తిరిగివచ్చి 2012లో హైదరాబాదులో సొంత పరిశ్రమ పెట్టారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వోద్యోగాల్లో కనీసం 4 శాతం కొలువులు కేటాయించాలి. ప్రైవేటు కంపెనీలకు మాత్రం ఈ కోటా నిర్బంధం కాదు. కంప్యూటరు కొలువుల్లో ఎక్కువ భాగం ఉన్నది అక్కడే మరి!

చూపులేని పిల్లలున్న ఇంట్లో ఇంటర్ గ్రూపు ఎంచుకునే ముందే సదరం ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. తెరను చదివే 'ఎన్.వి.డి.ఎ.' ప్రోగ్రాముకు పైసా ఖర్చు లేదు. దాన్ని 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్‌కు కూడా చూపు లేదు. అది తెలుగు కూడా చదువుతుంది. బడిలోని మామూలు కంప్యూటరు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను ఉంటే నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు.