వెబ్‌సైటు తెరుచుకొననపుడు

ఒక పాఠశాల తన వెబ్‌సైటును స్వంత కంప్యూటరులోనే నడుపుకొనుచున్నదనుకొందము. పరీక్షాఫలితములు ప్రకటించు ఉదయమే అది తెరుచుకొనలేదు. అట్టి వేళ కంప్యూటరును ఆపి మరల నడుపుటకు చాలమంది తొందరపడుదురు. దానివలన దోషము కొంతసేపు మరుగుపడవచ్చును. కారణము మాత్రము తెలియదు.

మొదట పరీక్షింపవలసినది పేరు. వెబ్‌సైటు పేరును సంఖ్యారూపమైన చిరునామాగా మార్చు ఏర్పాటే డి.ఎన్.ఎస్. దీనిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించెను. ఇంటర్నెట్టు కంపెనీ కేటాయించిన చిరునామా మారి, డి.ఎన్.ఎస్.లో పాతదే మిగిలినచో, వచ్చినవారు పాత ఇంటి తలుపే తట్టుచుందురు. రెండు చిరునామాలు ఒకటేనా అని సరిచూడవలెను.

పేరు సరిగా నున్నచో, తెరపై కనబడు మూడంకెల సంఖ్యను గమనింపవలెను. 404 అనగా సర్వరు పనిచేయుచునే యున్నది, అడిగిన పుట మాత్రము అచట లేదు. 500 అనగా సర్వరులోపలనే ఏదో తప్పు జరిగినది. ఏ సంఖ్యయు కనబడక ఎదురుచూపే మిగిలినచో, విన్నపము సర్వరును చేరలేదేమోనని అనుమానింపవలెను.

500 కనబడినపుడు లాగ్ అను దినచర్య ఫైలును చదువవలెను. తప్పు ఏ క్షణమున, ఎట్లు జరిగెనో సాధారణముగా అందు నమోదై యుండును. డిస్కు నిండుట తరచు కనబడు కారణము: వ్రాయుటకు చోటులేక డేటాబేసు ఆగిపోవును. విచిత్రమేమనగా, ఒక్కొక్కప్పుడు డిస్కును నింపునది తెగ పెరిగిన ఆ లాగ్ ఫైలే! పాతవానిని వేరొకచోట భద్రపరచి తొలగించినచో చోటు దొరకును.

ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితము చూడవలెను. పది మార్పులు ఒకేసారి చేసినచో, సైటు నడిచినను, ఏది నయము చేసినదో తెలియదు. ప్రయోగశాలలో విద్యార్థులు పాటించు నియమమును ఇదియే.