పవర్ టిల్లరు షాఫ్టును, గేరుపెట్టెను ఎంచుకొనుట



ఎద్దును కొనబోవు రైతు ముందుగా దాని నోరు తెఱచి పండ్లు చూచును. పిమ్మట గిట్టలు చూచును, మూపు తడవి చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అమ్మువాడు ఎంత పొగడినను ఆ పరీక్ష మానడు. ఆ రైతే పవర్ టిల్లరును కొనబోవునపుడు మాత్రము రంగు చూచి, ఇంజను ఎన్ని గుఱ్ఱపు బలములదో విచారించి, ధర తెగగొట్టి, బయానా ఇచ్చి వచ్చుచున్నాడు. ఈ యంత్రమునకును పండ్లు గలవు. అవి గేరుపెట్టెలో నున్నవి. వాని సంగతియు, ఆ పెట్టెనుండి బలమును బయటికి గొనివచ్చు షాఫ్టు సంగతియు నేడు మీకు మనవి చేయదలచితిని.

నేను విశాఖపట్టణమునకు చేరువను గాజువాకలో చాలకాలముగా యంత్రముల మరమ్మతు పని చేయుచున్నాను. అనకాపల్లి, చోడవరము, మాడుగుల, భీమునిపట్టణము వైపులనుండి రైతులు తమ టిల్లర్లను నా కొట్టమునకు తెచ్చుచుందురు. వానిలో ఇంజను చెడినవానికంటె గేరుపెట్టె పాడైనవే నాకెక్కువ దుఃఖము కలిగించినవి. ఇంజను చెడుటకు ముందు పొగ మారును, శబ్దము మారును. అది పలుమార్లు హెచ్చరించును. గేరు పన్ను విఱుగుట ఒక్క క్షణములో జరుగును. అదియు పునర్వసు, పుష్యమి కార్తెలలో, దమ్ము నడుమ జరుగును.

మొదట పని తీరు చూతము. మన ప్రాంతపు పవర్ టిల్లర్లలో సామాన్యముగా 12, 13 గుఱ్ఱపు బలముల ఒంటి సిలిండరు డీసెలు ఇంజను ఉండును. బెల్టులు ఆ బలమును క్లచ్చికి, క్లచ్చి గేరుపెట్టెకు అందించును. గేరుపెట్టె ఇంజను వేగమును తగ్గించి, తిప్పుడు బలమును పెంచి, కొంత చక్రములకును కొంత మన్ను చీల్చు కత్తులకును పంచును. ఇతర పరికరములను నడుపుటకై పెట్టెనుండి బయటికి వచ్చిన ఇరుసును పి.టి.ఓ. షాఫ్టు అందురు.

వేగము తగ్గినకొలది ఇరుసుపై పడు మెలి పెరుగునని గుర్తుంచుకొనవలెను. ట్రాక్టర్లలో ఈ షాఫ్టునకు వాడుకలోనున్న వేగము నిమిషమునకు 540 చుట్లు. ఆ వేగముతో 10 గుఱ్ఱపు బలములను మోయు షాఫ్టుపై పడు మెలి ఎంత? ఇరుసునకు అడ్డముగా మీటరు పొడవు గల కఱ్ఱను బిగించి, దాని చివర సుమారు 13 కిలోల బరువును వ్రేలాడగట్టినంత. అదే బలమును 270 చుట్లతో మోసినచో 26 కిలోలంత. ఇది నేల మెత్తగా నున్నప్పటి లెక్క. కత్తి ఒక రాతికో, తాటి వేరునకో తగిలినపుడు ఆ దెబ్బ ఇంతకు పలురెట్లుండును.

కనుక షాఫ్టు లావు ముఖ్యము. మెలికి ఓర్చు శక్తి లావుతో సమముగా గాక, దాని ఘనముగా పెరుగును. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకంటె 30 మిల్లీమీటర్ల షాఫ్టు చూపునకు కొంచెమే లావు. బలమున ఒకటిన్నర రెట్లకంటె అధికము. తరుగుదలయు ఇట్లే. 30 మిల్లీమీటర్ల షాఫ్టు అరిగి 27 అయినచో దాని బలములో నాలుగవ వంతునకు పైగా పోయినదన్నమాట. "కొంచెమే కదా అరిగినది" అనుకొనరాదు.

అయితే లావు ఒక్కటియే చాలదు. ఉక్కు అనునది ఒక్క తీరుది కాదు. విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1వ తేదీన అది జాతికి అంకితమైనది. ఉక్కును గూర్చి ఇంతగా మాటలాడుకొను మన ప్రాంతమునందును, ఇంటి కప్పునకు వేయు ఉక్కు వేఱు, షాఫ్టునకు వలయు ఉక్కు వేఱు అని చాలమందికి తెలియదు. టి.ఎం.టి. కడ్డీని తయారుచేయునపుడు ఎఱ్ఱగా కాగిన కడ్డీపై వేగముగా నీరు చిమ్మి పైపొరను మాత్రము గట్టిపఱచుదురు. లోభాగము మెత్తగా నుండును. కట్టడమునకు అదియే మేలు. దానిని లేతుపై చెక్కి షాఫ్టుగా చేసినచో, గట్టిపొర అంతయు రజనుగా రాలిపోయి మెత్తని లోభాగమే మిగులును. అట్టి షాఫ్టులను నేను చూచితిని. క్రొత్త వెండివలె మెఱయును. నాలుగు దినములలో గానుగలోని చెఱకుగడవలె మెలిదిరుగును.

మంచి షాఫ్టునకు నూటికి 0.4 పాళ్ల చొప్పున కర్బనము గల ఉక్కునైనను, క్రోమియము మొదలగు లోహములు కలిపిన ఉక్కునైనను వాడి, కాచి పదును పెట్టుదురు. గేరు పండ్లకు మఱియొక పద్ధతి గలదు. తక్కువ కర్బనము గల మిశ్రమపు ఉక్కుతో పండ్లు చెక్కి, వాని పైపొరకు మాత్రము కర్బనము పట్టించి, కాచి, నూనెలో చల్లార్చుదురు. అప్పుడు పైపొర అరుగదు, లోభాగము దెబ్బకు ఓర్చుకొనును. పన్ను అంతయు గట్టిపడినచో, పదును మించిన కొడవలి అంచువలె పెళుసై ఎగిరిపోవును. అంతయు మెత్తనైనచో ఒక్క ఏడాదిలో అరిగిపోవును.

దీనిని కొనువాడు తెలిసికొను ఉపాయమొకటి గలదు. విడిభాగముగా గేరును కొనునపుడు, అంగడివాని అనుమతితో, పన్ను చివరను క్రొత్త ఆకురాయితో ఒక్కసారి రాచి చూడుడు. పదును పెట్టిన పన్నుపై ఆకురాయి గాజుపై వలె జారిపోవును. రజను రాలి గీత పడినచో ఆ గేరును అక్కడనే విడిచి రండు. పాత టిల్లరును కొనువారు ఇంజను ఆపి, షాఫ్టు కొనను పట్టుకొని పైకి, క్రిందికి ఊపి చూడవలెను. కదలిక తెలిసినచో బేరింగు అరిగినదని యర్థము. తిప్పుడు దిశలో కొద్ది సందు ఉండుట సహజమే. అది అతిగా నున్నచో పండ్లు అరిగినవి. పిమ్మట నూనె దింపు బోల్టును విప్పించి చూడుడు. నూనె పాలవలె తెల్లబాఱినచో పెట్టెలోనికి నీరు చేరినది. సూదంటురాయికి ఇనుప ముక్కలు అంటినచో పండ్లు చిట్లుచున్నవి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకొందును. చోడవరము వైపునుండి నలుగురు అన్నదమ్ములు ఉమ్మడిగా కొన్న టిల్లరును నాయొద్దకు తెచ్చిరి. కత్తులకు బలమిచ్చు షాఫ్టుపై ఉండు చిన్న షియరు బోల్టు ఆ వారములోనే మూడుమార్లు తెగినది. "నాయనా, మాటిమాటికి పని ఆగిపోవుచున్నది, తెగని బోల్టు వేయుము" అని పెద్దాయన అడిగిరి. నేను వారి కష్టము చూచి మిక్కిలి గట్టి బోల్టును వేసితిని. అది తెగలేదు. నాలుగవ దినమున పొలములో పాతుకొనియున్న మోడునకు కత్తి తగిలి, లోపలి గేరు రెండు పండ్లు విఱిగినవి. ఆ ముక్కలు తక్కిన గేర్ల నడుమ పడి వానిని కూడ నమిలివేసినవి. క్రొత్త గేర్లు వచ్చులోపల వారి ఆకుమడి ముదిరిపోయినది. హెచ్చు కిరాయికి మఱియొకరి యంత్రమును తెచ్చుకొని ఊడ్పు ముగించిరి గాని, పంట తగ్గినది. వారు నన్నొక్క మాట అనలేదు. అనియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ బోల్టు తెగుటకే పుట్టినది. అది తెగి, వేల రూపాయల గేరును కాపాడును. కొన్ని టిల్లర్లలో ఈ పనిని బెల్టు జారుట చేయును. కావున బోల్టు మాటిమాటికి తెగుచున్నచో అడుగవలసిన ప్రశ్న "తెగని బోల్టు ఏది?" అని కాదు, "ఎందుకు తెగుచున్నది?" అని. కత్తులు మొద్దుబాఱినవా? నేల ఆరిపోయినదా? లోతు ఎక్కువ పెట్టితిమా? యంత్రము చేసినవారు చెప్పిన తరగతి బోల్టునే వేయుడు. అరడజను సంచిలో ఉంచుకొనుడు. యంత్రమును కొనునపుడు కూడ, అడ్డు తగిలినచో ముందుగా ఏ భాగము తెగును, దాని ధర ఎంత అని అడుగుడు. ముందుగా తెగునది మిక్కిలి చవుకైన భాగమై యుండవలెను. దీర్ఘకాలము మన్ను యంత్రమునకు ఇది మొదటి గుర్తు.

ఇక నేలనుబట్టి ఎంపిక. పల్లపు వరి మడులలో దమ్ము చేయువారికి ఆయిల్ సీళ్లు ప్రాణము. బురదనీరు సీలును దాటి నూనెతో కలిసినచో బేరింగులు త్వరలో పోవును. సీలునకు వెలుపల బురదను ఆపు మూత ఉన్నదో లేదో చూడుడు. మాడుగుల, పాడేరు వైపు రాతి నేలలవారు పోత పెట్టె మందమును, కత్తి ఇరుసు లావును ముఖ్యముగా చూడవలెను. సముద్రపు గాలి తగులు భీమునిపట్టణము, పూడిమడక వంటి చోట్ల ఉప్పు తేమ షాఫ్టు పండ్లను తినివేయును. పని తీరిన దినమున కడిగి, ఆరబెట్టి, గ్రీజు పూసి కప్పిపెట్టవలెను. బండి ఇరుసునకు కందెన పెట్టుట మఱవనివారు దీనిని మఱువరాదు. క్రొత్త పెట్టెలో మొదట పండ్లు ఒరసికొని రజను రాలును గనుక, తొలి నూనెను యంత్రముతో వచ్చు పుస్తకము చెప్పిన గంటలకే మార్చవలెను.

మఱి రెండు విచారణలు చేయుడు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ గలదు. పరీక్షింపబడిన యంత్రమునకు నివేదిక యుండును; దానిని చూపుమని అంగడివానిని అడుగుడు. రెండవది, విడిభాగముల లభ్యత. 2020 జూలైలో భారత ప్రభుత్వము పవర్ టిల్లర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చినది. పరదేశపు యంత్రము ఎంత చవుక అయినను, దాని గేరు అనకాపల్లిలోనో విశాఖలోనో రెండు దినములలో దొరకనిచో అది చవుక కాదు.

చివరిమాట అన్నిటికంటె ముఖ్యమైనది. నిమిషమునకు 540 చుట్లు అనగా క్షణమునకు తొమ్మిది చుట్లు. 35 మిల్లీమీటర్ల షాఫ్టు ఆ వేగముతో ఒక్క క్షణములో సుమారు మీటరు బట్టను చుట్టుకొనును. మనము పంచెలు కట్టువారము, భుజమున కండువా వేయువారము. "అయ్యో" అనులోపల మనిషిని లాగివేయును. కాబట్టి షాఫ్టుపై కప్పు లేని యంత్రమును కొనవద్దు. ఉన్న కప్పును అడ్డమని తీసి పాఱవేయవద్దు. ఇంజను ఆపక దగ్గఱకు పోవద్దు. ఈ మాట మీ ఇండ్లలోని పడుచువాండ్రకు మీరు చెప్పినచో వినెదరు. నేను చెప్పినచో నవ్వెదరు. అందుకే పెద్దలైన మీకు విన్నవించితిని.

సెలవు.