ఆరిపోని స్విచ్

1964లో లండన్‌లో జెన్నిఫర్ హార్వే అనే శాస్త్రవేత్త ఒక విచిత్రం గమనించారు. లుకేమియా వైరస్ ఎక్కించిన ఎలుకల రక్తం నుంచి తీసిన ప్లాస్మాను అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు ఇస్తే, వాటికి గడ్డలు లేచాయి. ఆ వైరస్ ఎలుక నుంచి ఎత్తుకొచ్చిన జన్యువే తర్వాత ‘రాస్’ అయింది. అది మనలోనూ ఉంది.

రాస్ ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలు 190కి మించవు. కణపు పొరకు లోపలివైపు కొవ్వు తోకతో అంటుకుని ఉంటుంది. బయటి నుంచి ‘పెరుగు’ అన్న కబురు అందగానే సాస్ అనే ప్రోటీన్ వచ్చి, రాస్ పట్టుకున్న జీడీపీ అనే చిన్న అణువును వదిలిస్తుంది. కణంలో దానికి జంటైన జీటీపీయే ఎక్కువ కాబట్టి ఖాళీలో అదే చేరుతుంది, స్విచ్ వెలుగుతుంది. అక్కడి నుంచి రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్లు వరసగా మేలుకుని కబురును కేంద్రకం దాకా మోస్తాయి. కణం విభజనకు సిద్ధమవుతుంది.

జీటీపీకి మూడు ఫాస్ఫేట్లు, జీడీపీకి రెండు. కథంతా ఆ మూడోదాని చుట్టూనే. రాస్‌లో అటూ ఇటూ కదిలే వంపులు రెండున్నాయి. ఒకదాంట్లో 35వ చోట ఉన్న థ్రియోనిన్, మరోదాంట్లో 60వ చోట ఉన్న గ్లైసీన్ అనే అమైనో ఆమ్లాలు ఆ ఫాస్ఫేట్‌ను చెరోవైపు పట్టుకుంటాయి. అప్పుడే రాఫ్‌కు ఆనుకునే చోటు ఏర్పడుతుంది. ఫాస్ఫేట్ తెగిందా, గొళ్లెం ఊడిన స్ప్రింగులా వంపులు రెండూ వదులైపోతాయి.

తెంపాల్సింది రాసే, కానీ దానికి మహా బద్ధకం. గ్యాప్ అనే ప్రోటీన్ వచ్చి తన ఆర్జినిన్ ఒకదాన్ని వేలు పెట్టినట్టు లోపలికి దూరిస్తేగానీ పని చురుగ్గా సాగదు. 1997లో జర్మనీలో విట్టింగ్‌హోఫర్ బృందం తీసిన స్ఫటిక నిర్మాణంలో ఆ వేలు స్పష్టంగా కనిపించింది. దాన్ని ఆనుకునే ఉంటుంది రాస్ పన్నెండో చోటి గ్లైసీన్. గ్లైసీన్ పక్కకు చాచేది ఒక్క హైడ్రోజన్నే. అక్కడ అంతకంటే పెద్దది వచ్చి కూర్చుంటే వేలికి చోటు చాలదు, స్విచ్ ఆరదు.

1982లో మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో దొరికింది సరిగ్గా ఇదే: గ్లైసీన్ బదులు వాలీన్, డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం తేడా. దాన్ని పట్టుకున్న బృందాల్లో ఒకదాని పరిశోధన పత్రానికి మొదటి రచయిత ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. 

తప్పు తెలిసినా మందు రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. జీటీపీని రాస్ అతిగట్టిగా పట్టుకుంటుంది, దాన్ని తప్పించి మందు ఎక్కించడం అసాధ్యం. మిగతా ఒళ్లంతా నున్నగా ఉంటుంది, మందు నిలిచే గుంట కనిపించదు. కొవ్వు తోక అతకకుండా అడ్డుకునే మందులు తయారుచేస్తే, రాస్ రకాల్లో ఒకటైన కే-రాస్ మరో రకం కొవ్వు తగిలించుకుని తప్పించుకుంది.

2013లో కాలిఫోర్నియాలో కెవన్ షోకాట్ బృందం పన్నెండో చోట సిస్టీన్ ఉన్న రకాన్ని ఎంచుకుంది. సిస్టీన్‌లోని గంధకానికి మందును అతికిస్తే, రెండో వంపు కింద అంతకుముందు ఎవరికీ కనపడని గుంట ఒకటి బయటపడింది. ఆ దారిలోనే వచ్చిన సోటోరసిబ్‌కు 2021లో అమెరికాలో అనుమతి దొరికింది. రాస్ జీడీపీతో ఉన్న క్షణంలో అది అతుక్కుని, మళ్లీ వెలగనివ్వదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కొందరికి గడ్డ తగ్గుతుంది, చాలామందికి కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుంది. ఇక క్లోమ క్యాన్సర్‌లో పన్నెండో చోట ఎక్కువగా ఉండేది ఆస్పార్టేట్. అక్కడ సోటోరసిబ్ అతుక్కోవడానికి గంధకమే లేదు.