రాళ్ల నడుమ పూసే నాచు ఫ్లాక్స్

శిలోద్యానం అనగానే చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన గాజులతో, పింగాణీ ముక్కలతో తీర్చిన బొమ్మల తోట గుర్తుకు రావడం సహజమే గాని, ఉద్యానశాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు: కొండవాలుల్లో, రాతి నెరియల్లో పెరిగే చిన్న మొక్కలకు తగిన నేలను రాళ్లతో కల్పించిన తోటను అక్కడ శిలోద్యానం అంటారు. లండన్‌లోని క్యూ ఉద్యానంలో 1882లో ఏర్పడిన తోట ఇందుకు పేరుపొందిన ఉదాహరణ.

అటువంటి తోటలకు చక్కగా అమరే మొక్క నాచు ఫ్లాక్స్. ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని రాతినేలలు, ఇసుక నేలలు దీని పుట్టిల్లు. ఫిలడెల్ఫియా వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ బార్‌ట్రమ్ 1745లో దీనిని లండన్‌లోని మొక్కల ప్రేమికుడు పీటర్ కాలిన్సన్‌కు పంపగా, 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి ఫ్లాక్స్ సుబులాటా అని శాస్త్రీయనామం పెట్టాడు. ఫ్లాక్స్ అంటే గ్రీకులో జ్వాల, సుబులాటా అన్నది చెప్పులు కుట్టే ఆరెలా మొనదేలిన ఆకులను సూచించే లాటిన్ మాట. ఇది బహువార్షికం, అంటే ఒకసారి నాటితే ఏళ్ల తరబడి బతికే మొక్క. జానెడైనా ఎత్తు పెరగక, నేలనంటి పాకుతూ చాపలా పరుచుకొని, వసంతంలో ఆకు కనబడనంతగా గులాబి, ఊదా, తెలుపు రంగుల ఐదు రెక్కల పూలతో నిండిపోతుంది.

ఈ తోటలో రాయి రెండు పనులు చేస్తుంది: వాననీటిని మొక్క మొదట్లో నిలవనీయకుండా కిందికి దించుతుంది, ఎండవేళ తన అడుగున దాచిన చల్లదనాన్ని, తేమను వేళ్లకు అందిస్తుంది. అందుకే మట్టిలో ముతక ఇసుక, గులకరాళ్లు ధారాళంగా కలిపి, రాళ్లను మూడోవంతు వరకు పూడ్చి, వెనక్కి కాస్త వాలేట్లు అమర్చాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. సారం ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి పూత తగ్గుతుంది, నీరు నిలిస్తే మొదలు కుళ్లుతుంది. కనుక ఆపేక్షకొద్దీ ఎరువూ నీరూ కుమ్మరించేవారి చేతిలోనే ఈ మొక్క త్వరగా చస్తుంది. పూత ముగియగానే కొమ్మలను సగం వరకు కత్తిరిస్తే చాప గుబురుగా నిలుస్తుంది. నేలను తాకిన కొమ్మ కణుపుల వద్ద వేళ్లు వేస్తుంది గనుక, దానిని కోసి వేరేచోట నాటుకోవచ్చు.

జపాన్‌లో దీనిని షిబజకురా, అంటే పచ్చిక చెర్రీపువ్వు అంటారు. చిచిబు పట్టణంలోని హిత్సుజియామా పార్కులో వసంతకాలాన ఈ పూలు పరుచుకున్న వాలును చూడటానికి జనం తరలివస్తారు. శీతాకాలపు చలికి అలవాటుపడిన ఈ మొక్క తెలుగునాటి మైదానాల వేడి రాత్రులకు నిలవదు. అయినా నీరు నిలవని రాతిమడి కట్టే పద్ధతి ఇక్కడా పనికివస్తుంది. మన ఎండలను తట్టుకొని నేలనంటి పూసే టేబుల్ రోజ్ కాడలు కూడా నీటి నిలవకు కుళ్లేవే.