తాళం తిరిగింది, బండి కదలదేం?

పాతపట్నంలో మీ ఇంటి ముందు ఒక కారు ఆగి ఉన్నదనుకోండి. తాతగారికి ఒంట్లో బాగాలేదు, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మామయ్య తాళంచెవి పెట్టి తిప్పాడు. దీపాలు వెలిగాయి. సెల్ఫ్ గిర్రున తిరిగింది. ఇంజను అందుకున్నట్టే అందుకుని, రెండు సెకన్లలో చల్లబడిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే. ట్యాంకులో పెట్రోలు ఉంది. బ్యాటరీ బలంగా ఉంది. నిన్న సాయంత్రం దాకా బండి చక్కగా నడిచింది. మరి ఇప్పుడేమయింది?

అటువంటి సమయంలో చేయవలసిన మొదటి పని 108కి ఫోను చేయడం. రోగిని పక్కన కూర్చోబెట్టుకుని బండితో కుస్తీ పట్టకూడదు. అంబులెన్సు వచ్చే లోపల, లేదా తాతగారు క్షేమంగా బయలుదేరిన తర్వాత, ఆ మొండికేసిన బండి సంగతి తీరికగా చూద్దాం. చాలాసార్లు తప్పు ఇంజనులో ఉండదు, మామయ్య చేతిలోని తాళంచెవిలో ఉంటుంది!

తాళంచెవి ఏం చేస్తుంది?

పూర్వపు కారు తాళంచెవి ఒట్టి లోహపు ముక్క. దాని పళ్ళు తాళం లోపలి మెట్లకు సరిపోతే తాళం తిరుగుతుంది, కరెంటు పారుతుంది, ఇంజను నడుస్తుంది. దొంగకు ఇందులో పెద్ద ఇబ్బంది లేదు. తాళం పగలగొట్టి, వెనకనున్న తీగలు రెండు కలిపితే చాలు.

ఈనాటి కారు తాళంచెవికి పళ్ళతోపాటు ఒక రహస్యం కూడా ఉంటుంది. దాని ప్లాస్టిక్ పిడిలో ఒక చిన్న చిప్పు దాగి ఉంటుంది. కొన్నిటిలో అది వడ్లగింజకన్నా కాస్త పెద్దదైన గాజుగొట్టంలో ఇమిడిపోతుంది. తాళం రంధ్రం చుట్టూ సన్నని రాగితీగ చుట్ట ఒకటి ఉంటుంది. మీరు తాళంచెవి తిప్పగానే కారులోని చిన్న కంప్యూటరు ఆ తీగచుట్ట ద్వారా చిప్పును పలకరిస్తుంది. "నువ్వు మనవాడివేనా?" అని అడుగుతుందన్నమాట. చిప్పు సరైన జవాబు చెబితే పెట్రోలు చిమ్మడానికీ, నిప్పురవ్వ పుట్టడానికీ అనుమతి దొరుకుతుంది. చెప్పకపోతే దొరకదు. దీనంతటికీ పట్టేది సెకనులో చిన్న భాగం. ఈ ఏర్పాటును ఇమ్మొబిలైజర్ అంటారు.

టోకెన్ లేనిదే రైలు కదలదు

ఇది వింతగా అనిపిస్తోందా? రైల్వేవారికి ఇటువంటి ఏర్పాటు కొత్తేమీ కాదు. పాతపట్నం మీదుగా పోయే నౌపడ – గుణుపురం రైలు మార్గం మీకు తెలిసినదే. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు చిన్న పట్టాలతో మొదలై, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజిగా మారిన దారి అది. ఇటువంటి మార్గాలలో రెండు స్టేషన్ల మధ్య ఒకే లైను ఉంటే, ఇటునుంచి ఒక రైలు, అటునుంచి ఒక రైలు ఒకేసారి బయలుదేరితే ఎంత ప్రమాదం! అందుకని మన దేశంలో ఎన్నో ఒంటి లైను మార్గాలలో టోకెన్ పద్ధతి వాడారు. రెండు స్టేషన్లలోనూ తీగతో కలిపిన యంత్రాలుంటాయి. వాటిలో ఒకదానినుంచి లోహపు బంతి వంటి టోకెన్ ఒకటి బయటికి వచ్చిందంటే, అది మళ్ళీ యంత్రంలో పడేవరకు రెండోది రాదు. ఆ టోకెన్ చేతికందితేనే డ్రైవరు రైలు కదిలిస్తాడు. ఇంజనులో ఆవిరి నిండా ఉన్నా, పట్టా ఖాళీగా ఉన్నా, టోకెన్ లేకపోతే రైలు అక్కడే.

మామయ్య కారు కూడా సరిగ్గా అలాగే ఆగిపోయింది. ఇంజనుకు బలం ఉంది గాని, అనుమతి లేదు.

పదిహేను నుంచి లక్షకోట్లకు

ఇటువంటి తాళంచెవులు ఒక్కరోజులో పుట్టలేదు. అమెరికాలో 1986లో కార్వెట్ అనే కారు తాళంచెవిలో చిన్న విద్యుత్ నిరోధం పొదిగారు. కారు ఆ నిరోధం విలువను కొలిచి, సరిపోతేనే స్టార్టయ్యేది. ఐతే ఆ విలువలు మొత్తం 15 రకాలే! పదిహేను నిరోధాలు జేబులో వేసుకున్న దొంగ ఒకటొకటిగా ప్రయత్నించవచ్చు గదా? అందుకని తప్పు తాళంచెవి పెడితే కొన్ని నిమిషాలపాటు కారు ఏ తాళంచెవినీ ఒప్పుకోకుండా చేశారు.

తర్వాత రేడియో పద్ధతి వచ్చింది. దీని మూలం రెండవ ప్రపంచయుద్ధంలో ఉంది. రాడార్ తెరమీద కనబడే విమానం మనదా, శత్రువుదా? అది తెలుసుకోవడానికి బ్రిటిష్ విమానాలలో ఒక పరికరం అమర్చారు. నేలమీదనుంచి రేడియో సంకేతం తగలగానే అది తనంతట తానే బదులు పలికేది. అడిగితే బదులు పలికే ఇటువంటి పరికరానికే ట్రాన్స్‌పాండర్ అని పేరు. కారు తాళంచెవిలోని చిప్పు దానికి మునిమనవడు.

మొదటి చిప్పులు ఎప్పుడూ ఒకే అంకెను అప్పగించేవి. పక్కనుంచి ఎవడైనా ఆ అంకెను పట్టేస్తే గుట్టు రట్టయినట్టే. అందుకని ప్రశ్న ప్రతిసారీ మారే పద్ధతి కనిపెట్టారు. మీరూ, మీ స్నేహితుడూ ఈ ఆట ఆడి చూడండి. మీ ఇద్దరికీ మాత్రమే తెలిసిన రహస్యపు అంకె 7. మీరు 38 అంటారు. అతడు 38ని 7తో గుణించి, వచ్చిన 266లో చివరి రెండు అంకెలు 66 అని చెబుతాడు. మీరూ మనసులో అదే లెక్క చేసి సరిచూసుకుంటారు. రేపు మీరు 51 అడిగితే అతడి జవాబు 57. నిన్నటి 66ను చాటుగా విన్నవాడికి ఈ రోజు దానితో పనిలేదు! రెండు మూడు జవాబులు వింటే లెక్కలు బాగా వచ్చినవాడు 7 అని పట్టేస్తాడనుకోండి. కాబట్టి అసలు చిప్పులలో లెక్క ఇంతకన్నా ఎంతో చిక్కుగా ఉంటుంది.

ఒక రకం చిప్పులో రహస్యపు సంఖ్యకు 40 బిట్ల పొడవు ఉండేది. అంటే 2ను 40 సార్లు గుణించినన్ని అవకాశాలు, సుమారు లక్షా పదివేల కోట్లు. సెకనుకు ఒకటి చొప్పున ప్రయత్నిస్తే అన్నీ అయ్యేసరికి దాదాపు 35 వేల సంవత్సరాలు! అయినా 2005లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్.ఎస్.ఎ. ప్రయోగశాలల పరిశోధకులు ఎన్నో ప్రయత్నాలు ఒకేసారి చేసే యంత్రం కట్టి దాని గుట్టు విప్పారు. లోపం ఎక్కడుందో తెలిస్తేనే దిద్దుకోగలం. ఆ తర్వాత 128 బిట్ల రహస్యాలు గల చిప్పులు వచ్చాయి.

బ్యాటరీ లేని చిప్పుకు కరెంటు ఎక్కడిది?

ఈ చిప్పుకు సొంత బ్యాటరీ లేదు. మరి అది లెక్కలు ఎలా చేస్తోంది?

1831లో మైకేల్ ఫారడే చేసిన ప్రయోగంలో జవాబు దొరుకుతుంది. మీ బడి ప్రయోగశాలలో దీన్ని మీరే చేసి చూడవచ్చు. ఒక లావుపాటి ఇనుప బోల్టు తీసుకోండి. దాని ఒక కొసన పూతపూసిన రాగితీగ 50 చుట్లు, రెండో కొసన వేరే తీగ 50 చుట్లు చుట్టండి. తీగల కొసల దగ్గర పూత గీకివేయండి. రెండో చుట్టను గాల్వనోమీటరుకు కలపండి. మొదటి చుట్టను టార్చిలైటు సెల్లుకు ఒక్క క్షణం తాకించి తీసేయండి. తాకించగానే ముల్లు ఒకవైపు ఉలిక్కిపడుతుంది, తీసేయగానే రెండోవైపు. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ ముల్లు కదలదు. అంటే అయస్కాంత బలం మారినప్పుడే రెండో చుట్టలో కరెంటు పుడుతోందన్నమాట. తీగలను ఎక్కువసేపు కలిపి ఉంచకండి, వేడెక్కుతాయి. ఇంటి గోడలోని కరెంటును మాత్రం ఈ ప్రయోగానికి ఎన్నడూ వాడవద్దు.

కారు తాళం చుట్టూ ఉన్న తీగచుట్టలో కరెంటు దిశ మారుతూనే ఉంటుంది. సాధారణంగా సెకనుకు 1,25,000 ఆవర్తనాలు! ఆ మారే అయస్కాంత క్షేత్రంలో తాళంచెవిలోని బుల్లి తీగచుట్ట నుంచి కరెంటు పుడుతుంది. ఆ కాస్త కరెంటుతోనే చిప్పు మేలుకుని, లెక్క చేసి, జవాబు చెబుతుంది. క్షేత్రం బలం కొన్ని సెంటీమీటర్లు దాటితే క్షీణిస్తుంది. అందుకే తాళంచెవి తీగచుట్టకు అంత దగ్గరగా ఉండాలి.

మాట ఎక్కడ తెగింది?

ఇప్పుడు మామయ్య కారు దగ్గరకు వద్దాం. ఇంజనుకు అనుమతి దొరకాలంటే నాలుగు లంకెలు కుదరాలి: కారు బ్యాటరీ, తీగచుట్ట, చిప్పు, కంప్యూటరు. తెగినది ఏ లంకె? ఒకసారి ఒక్కటే మార్చి చూడాలి. మూడు పనులు ఒకేసారి చేస్తే బండి కదలవచ్చు గాని, కారణం తెలియదు, రేపు మళ్ళీ ఇదే కథ. తాళం తిప్పడం, బండి నడపడం పెద్దవారి పని. పక్కన నిలబడి గమనించడం మీ పని.

మొదట డాష్‌బోర్డు చూడండి. చాలా కార్లలో తాళంచెవి బొమ్మో, తాళం వేసిన కారు బొమ్మో ఉన్న చిన్న దీపం ఉంటుంది. కారు తాళం వేసి ఉన్నప్పుడు అది మిణుకుమిణుకుమంటే ఫరవాలేదు, దొంగకు అదో హెచ్చరిక. తాళం తిప్పిన తర్వాత కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోతే చిప్పును గుర్తించినట్టు. ఆరకుండా గబగబా మిణుకుతుంటే గుర్తించలేదని అర్థం. ఈ సంకేతాలు కంపెనీనిబట్టి మారుతాయి గనుక కారుతో ఇచ్చిన పుస్తకం తప్పక చూడాలి.

దీపాలు మసకగా ఉండి, సెల్ఫ్ 'టక్ టక్' మంటూ తిరగకపోతే ముందు కారు బ్యాటరీని అనుమానించాలి. సెల్ఫ్ బలంగా తిరిగి, దీపం కూడా మామూలుగా ఆరిపోతే తాళంచెవి నిర్దోషి. అప్పుడు పెట్రోలు, నిప్పురవ్వల సంగతి మెకానిక్ చూసుకుంటాడు. సెల్ఫ్ బలంగా తిరిగి, దీపం గబగబా మిణుకుతుంటే మాత్రం మన అనుమానం నిజమే.

అప్పుడు తాళంచెవి బయటికి తీసి, గుత్తినుంచి విడదీయండి. గుత్తిలో ఇంకో బండి చిప్పు తాళంచెవి ఉంటే రెండు చిప్పులూ ఒకేసారి మాట్లాడతాయి. ఒక ప్రశ్నకు ఇద్దరు బదులిస్తే మాస్టారికి ఏం వినబడుతుంది? దగ్గరున్న లోహపు ముక్కలు కూడా అయస్కాంత క్షేత్రాన్ని చెదరగొడతాయి. తాళంచెవిని ఒంటరిగా పెట్టి తిప్పి చూడాలి. సెల్ఫును మాత్రం ఆపకుండా తిప్పకూడదు, బ్యాటరీ నీరసిస్తుంది.

అప్పటికీ కాకపోతే రెండో తాళంచెవి తెచ్చి పెట్టండి. దానితో బండి నడిచిందా? కారు బ్యాటరీ, తీగచుట్ట, కంప్యూటరు మూడూ నిర్దోషులు. మొదటి తాళంచెవిలోని చిప్పే చెడింది. నీళ్ళలో నానిందో, కిందపడి చిట్లిందో చూడండి. రెండోదానితో కూడా నడవకపోతే తప్పు కారులోనే ఉండవచ్చు. ఇక కంపెనీ సర్వీసు సెంటరుకు కబురు చేయడమే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. రిమోట్ మీట నొక్కితే తలుపు తెరుచుకోకపోతే, తాళంచెవిలోని బ్యాటరీ అయిపోయింది గనుకనే ఇంజను కూడా కదలడంలేదని అనుకుంటారు. తాళంచెవి పెట్టి తిప్పే కార్లలో ఆ బిళ్ళ బ్యాటరీ రిమోటుకు మాత్రమే. చిప్పుకు దానితో సంబంధం లేదు. బటను నొక్కి స్టార్టు చేసే కార్ల సంగతి వేరు. వాటి తాళంచెవి జేబులోనుంచే బ్యాటరీ బలంతో బదులు చెబుతుంది. ఆ బ్యాటరీ అయిపోతే తాళంచెవిని స్టార్టు బటనుకు ఆనించి గాని, పుస్తకంలో చూపిన చోట ఉంచి గాని బటను నొక్కితే చాలా కార్లు కదులుతాయి. అక్కడ మళ్ళీ ఫారడే సూత్రమే ఆదుకుంటుంది! చాలా తాళంచెవులలో వాడే బిళ్ళ మీద సి.ఆర్. 2032 అని ఉంటుంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. తీసేసిన బిళ్ళను పసిపిల్లలకు అందకుండా దాచండి. మింగితే ప్రాణాపాయం.

డూప్లికేట్ తాళం ఎందుకు పనిచేయదు?

రోడ్డుపక్కన తాళాలు చేసే ఆయన ఎంత పనివాడైనా, పళ్ళను మాత్రమే నకలు తీయగలిగితే ఆ తాళంచెవితో తలుపు తెరుచుకుంటుంది, స్టీరింగు తిరుగుతుంది, ఇంజను నడవదు. చిప్పున్న కొత్త తాళంచెవి తెచ్చి, కారు కంప్యూటరుకు దాన్ని పరిచయం చేయాలి. పాత కారు కొనేవారు రెండు తాళంచెవులూ అడిగి తీసుకోవడం మంచిది. రెండింటినీ ఒకే గుత్తిలో ఉంచితే పోయినప్పుడు రెండూ పోతాయి!

ఇంత తంటా ఎందుకని మామయ్య విసుక్కోవచ్చు. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశాక కారు దొంగతనాలు బాగా తగ్గాయి. అమెరికాలో మాత్రం 2011 – 2021 మధ్య అమ్మిన కియా, హ్యుందాయ్ కార్లు ఎన్నిటికో అది లేదు. 2021 తర్వాత అక్కడ కుర్రకారు వాటిని విరివిగా దొంగిలించారు, ప్రమాదాలలో ప్రాణాలు కూడా పోయాయి. 2023లో ఆ కంపెనీలు కారు కంప్యూటరులో ఉచితంగా మార్పు చేసి పెట్టవలసి వచ్చింది.

మీ బుర్రకు పదును

1. సెల్ఫ్ బలంగా తిరుగుతోంది. తాళంచెవి దీపం గబగబా మిణుకుతోంది. రెండో తాళంచెవితో బండి నడిచింది. లోపం ఎక్కడ?

2. తాళంచెవి పెట్టి తిప్పే కారు. రిమోటుతో తలుపు తెరుచుకోలేదు, తాళంచెవితో తెరిచి తిప్పితే ఇంజను నడిచింది. ఏం మార్చాలి?

3. రహస్యపు అంకె 9. ప్రశ్న 47. చివరి రెండు అంకెల జవాబు ఎంత?

జవాబులు: 1. మొదటి తాళంచెవి చిప్పులో. 2. రిమోటులోని బిళ్ళ బ్యాటరీ. 3. 23.