తల్లి రొయ్యకు ఒంటి కన్ను ఎందుకు?

సీడ్ కోసం హేచరీకి వెళ్లే రైతుల్లో తల్లి రొయ్యను దగ్గరగా చూసినవారు తక్కువే. ఈసారి వెళ్లినప్పుడు వీలుంటే చూడండి. చాలా హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కన్నే ఉంటుంది. రెండోది పుట్టుకతో లేక కాదు, తీసేశారు. ఎందుకు తీశారో తెలిస్తే మీరు కొనే పిల్ల సంగతి కొంత తెలిసినట్టే.

కాడలోనే ఉంది కిటుకు

రొయ్య కన్ను తలకు అతుక్కుని ఉండదు, చిన్న కాడ మీద నిలబడి ఉంటుంది. ఆ కాడలో కొన్ని నరాల కణాల గుంపు ఉంది. దీన్ని ఎక్స్ అవయవం అంటారు. ఇది తయారుచేసే పదార్థాలు పక్కనున్న సైనస్ గ్రంథిలో నిల్వ ఉండి, అవసరాన్నిబట్టి రక్తంలోకి దిగుతాయి. వీటినే న్యూరోపెప్టైడ్లు అంటారు. అంటే పూసలు గుచ్చినట్టు అమినో ఆమ్లాలు వరుసగా గుచ్చిన చిన్న దండలన్నమాట.

ఒక్కో దండకు ఒక్కో పని. ఒకటి రక్తంలో చక్కెర పెంచుతుంది. ఒకటి గుల్ల విడవకుండా ఆపుతుంది. అది తగ్గినప్పుడే రొయ్య గుల్ల విడుస్తుంది. ఇంకొకటి అండాశయం ఎదగకుండా పట్టి ఉంచుతుంది.

తొట్టిలో ఉంచిన తల్లి రొయ్య తనంతట తాను గుడ్డుకు రావడం ఆలస్యం. ఒక కాడ తీసేస్తే ఆ అడ్డు సడలి, కొద్దిరోజుల్లోనే అండాశయం నిండుతుంది. కంటి కాడకూ గుడ్డుకూ ఉన్న ఈ లంకెను 1943లో పనూజ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. హేచరీలు నేటికీ దీనిమీదే నడుస్తున్నాయి.

అయితే కాడతోపాటు చక్కెరను, గుల్లను చూసుకునే పదార్థాలకూ సగం గండి పడుతుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు ఉంటుంది వ్యవహారం. తల్లి రొయ్య నీరసిస్తుంది, త్వరగా చనిపోతుంది కూడా.

ఏ దండ ఏదో గుర్తించాలి

కన్ను జోలికి పోకుండా ఆ ఒక్క అడ్డునే తొలగించలేమా? తొలగించాలంటే ముందు దాన్ని గుర్తించాలి. ఇవి ఉండేది అతి స్వల్పం. అందుకే పూర్వం వేలకొద్దీ కంటి కాడలు పోగుచేసి రసం తీసి, వడగట్టి, విడదీసేవారు. 1972లో స్వీడన్ శాస్త్రవేత్తలు చన్నీటి రొయ్యలో రంగు మార్చే పెప్టైడును అలాగే పట్టుకున్నారు. దానిలో పూసలు 8. చక్కెర పెంచే పెప్టైడు వరుసను 1989లో తీరపు పీతలో చదివారు. అందులో పూసలు 72.

ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రం పెప్టైడ్ల బరువు తూచి, పూసల వరుస చెబుతుంది. ఒక్క జీవి నుంచి తీసిన కణజాలం చాలు. బియ్యపు గింజంత ఉండే సముద్రపు కోపిపాడ్ల వంటి వాటిలో నరాల ముక్క తీయడమే కష్టం. అలాంటప్పుడు జన్యువులు చదివి, ఏయే పెప్టైడ్లు ఉండవచ్చో కంప్యూటరుతో వెతుకుతారు. వనామీ జన్యుపటం 2019లోనే వెలువడింది.

ఈ గుర్తింపు వట్టినే పోలేదు. థాయిలాండ్ శాస్త్రవేత్తలు 2008లో టైగర్ రొయ్యలో గుడ్డును ఆపే పెప్టైడు జన్యువును వివరించారు. దాని తయారీని అడ్డుకునే ఆర్ఎన్ఏ మందును తల్లి రొయ్యకు ఎక్కించి, కన్ను తీయకుండానే గుడ్లు పెట్టించినట్టు 2011లో ప్రకటించారు. హేచరీల్లో మాత్రం కాడ తీయడమే ఇంకా తేలిక, చవక.

రైతుకేమిటి?

2021లో వెలువడిన ఒక పరిశోధనలో, కన్ను తీయని వనామీ తల్లుల పిల్లలు తెల్లమచ్చ తెగులునూ, ఈఎంఎస్ తెచ్చే విబ్రియోనూ ఎక్కువ తట్టుకుని బతికాయి. కాబట్టి పిల్ల బేరమాడేటప్పుడు ధర ఒక్కటే అడగకండి. తల్లికి కన్ను తీశారా, ఎంతకాలంగా గుడ్లు పెట్టిస్తున్నారు అని కూడా అడగండి. కన్ను తీయని తల్లి పిల్లే అయినా పీసీఆర్ పరీక్ష మాత్రం మానవద్దు. చెరువులో పడేది పిల్ల ఒక్కటే కాదు, మీ పెట్టుబడి కూడా.