బొమ్మ విమానము – బ్యాటరీ తీగలు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినపుడు, నీట చిక్కుకొన్న ప్రజలకు డ్రోన్లు ఆహారపు పొట్లములను చేరవేసినవి. 2023 నవంబరులో ఆమోదింపబడిన నమో డ్రోన్ దీదీ పథకము పొలములపై మందు చల్లు డ్రోన్లను మహిళా సంఘముల కందించుటకు ఉద్దేశింపబడినది. రేడియో సంకేతములతో ఎగురు బొమ్మ విమానములును వీని తోబుట్టువులే. వీనిలో పెక్కింటికి ప్రాణము లిథియం పాలిమర్ బ్యాటరీ.

ఇందలి ఒక్కొక్క ఘటము సాధారణముగా 3.7 వోల్టులు, నిండినపుడు 4.2 వోల్టులు చూపును. మూడు ఘటములను వరుసగా కలిపినచో 11.1 వోల్టులగును. అంకె చిన్నదని దీనిని తేలికగా చూడరాదు. గడియారములోని ఘటము విద్యుత్తును బొట్లు బొట్లుగా ఇచ్చును. ఇదియో, కంభము చెరువు తూము ఎత్తినట్లు పదుల ఆంపియర్లను ఒక్కసారిగా వదలగలదు. ప్రవాహము రెట్టింపైనచో తీగలో పుట్టు వేడి నాలుగు రెట్లగును. కావున సన్నని తీగయు, వదులైన అతుకును ఇచట పనికిరావు.

ఎఱ్ఱ తీగ ధనధ్రువమునకు, నల్ల తీగ ఋణధ్రువమునకు గుర్తు. తొడుగులేని ఈ రెండు తీగలు ఒకదానినొకటి తాకినచో, మోటారు గుండా పోవలసిన ప్రవాహము అడ్డులేక అడ్డదారిని పరుగిడును. ఇదియే షార్ట్ సర్క్యూట్. అప్పుడు రవ్వలు లేచి, ఘటము ఉబ్బి, మండవచ్చును. ఈ తీగలను రెండింటిని ఒకేసారి కత్తిరించినను ఇదే జరుగును. ఏలనగా కత్తెర లోహమే వానిని కలుపును. ఒక తీగను కత్తిరించి, అతికి, తొడుగు వేసిన పిదపనే రెండవదానిని ముట్టవలెను.

రెండు బ్యాటరీలను సమాంతరముగా కలుపుటకు ముందు వాని ఘటముల సంఖ్యయు, వోల్టేజియు సమానమో కాదో చూడవలెను. సమానము కానిచో, నిండినదానినుండి వెలితిదానిలోనికి ప్రవాహము ఉరికి రెండింటిని చెఱచును. మోటారును పరీక్షించునపుడు రెక్కల పంకాను ఊడదీయవలెను.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల వేసవి ఎండలో బ్యాటరీని విడిచిపెట్టరాదు. మంచముపైనను, కాగితములపైనను దానిని ఛార్జి చేయరాదు. బడిపిల్లల పలకలకు పేరొందిన మార్కాపురపు రాతిబండ అందులకు తగిన చోటు. రాయి మండదు గదా! ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు. పొగ వచ్చినచో దానిని తాకక, దూరముగా తొలగి, పెద్దలను పిలువవలెను.

బాలలారా! విమానమును ఎగురవేయుటకు ముందు ప్రతి అతుకును, ప్రతి తొడుగును పెద్దల సమక్షమున పరీక్షించుడు. ఆకాశమున తీగ ఊడినచో దానిని సరిచేయు అవకాశము ఎవరికిని లేదు.